ఫంగస్ మెనింజైటిస్ అనుమానం వస్తే ఏం చేయాలి? రోగి ఇమ్యూనిటీని బట్టి పరీక్షలు, మందులు

"ఫంగల్ మెనింజైటిస్‌కి ఆంఫోటెరిసిన్ ఎన్ని రోజులివ్వాలండీ?" జూనియర్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఫంగల్ మెనింజైటిస్ అంటే మెదడు చుట్టూ ఉన్న పొరలకి ఫంగస్ సోకి వాచడం, ఆంఫోటెరిసిన్ ఆ ఫంగస్‌ని చంపే మందు. నేను వెంటనే జవాబు చెప్పను. రెండు ఎదురు ప్రశ్నలు వేస్తాను. రోగి ఇమ్యూనిటీ ఎలా ఉంది? సీఎస్‌ఎఫ్ (మెదడు, వెన్ను చుట్టూ ఉండే నీరు) ప్రెషర్ ఎంత వచ్చింది? మొదటిదానికి సగం జవాబన్నా వస్తుంది. రెండోదానికి మాత్రం చాలాసార్లు "చూడలేదండీ" అనే వస్తుంది.

వార్డులో, క్యాజువాల్టీలో పనిచేసే డాక్టర్లు పక్కన పెట్టుకుని వాడుకునేలా ఇది రాశాను. రోగి తాలూకు వాళ్లు చదివినా మంచిదే, ఏం జరుగుతోందో అర్థమవుతుంది. కానీ ఇందులోని డోసులు ఇంట్లో వాడుకునేవి కావు. ఆంఫోటెరిసిన్, ఫ్లుసైటోసిన్ రెండూ తరచుగా చేసే రక్తపరీక్షల మీద కన్నేసి ఉంచాల్సిన మందులు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- స్పైనల్ నీడిల్, మానోమీటర్ (ప్రెషర్ కొలిచే గొట్టం). మానోమీటర్ లేకపోతే స్టెరైల్ ఐవీ ట్యూబ్, కొలత టేపు.
- సీఎస్‌ఎఫ్ పట్టుకోవడానికి నాలుగైదు స్టెరైల్ ట్యూబులు. 2 మి.లీ. తీసి సరిపెట్టుకోవద్దు, 10 మి.లీ. దాకా కావాలి.
- క్రిప్టోకోకస్ అనే ఫంగస్ ఆనవాళ్లు పట్టే క్రిప్టోకోకల్ యాంటిజెన్ స్ట్రిప్. అందరూ క్రాగ్ అంటారు, నేనూ అలాగే రాస్తాను. పది నిమిషాల్లో ఫలితం చెప్తుంది.
- ఇండియా ఇంక్ (మైక్రోస్కోప్‌లో ఫంగస్ కనపడేలా చేసే సిరా), ఫంగల్ కల్చర్ (నమూనాలో ఫంగస్‌ని పెంచి చూడటం) ఏర్పాటు.
- రక్తంలో: హెచ్‌ఐవీ, సీడీ4 (ఇమ్యూనిటీ కణాల లెక్క), షుగర్, క్రియాటినిన్, పొటాషియం, మెగ్నీషియం, సీబీసీ, లివర్ పరీక్షలు. ఆడవాళ్లయితే ప్రెగ్నెన్సీ టెస్టు. ఒక ఈసీజీ.
- మందులు: లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ (కొవ్వు పొరలో చుట్టిన రకం) లేదా పాత డీఆక్సీకోలేట్ రకం, ఫ్లుసైటోసిన్, ఫ్లుకొనజోల్. అవసరాన్ని బట్టి వోరికొనజోల్.
- 5% డెక్స్‌ట్రోజ్, నార్మల్ సెలైన్, పొటాషియం క్లోరైడ్.
- బరువు చూసే మెషీను. నవ్వకండి. డోసులన్నీ కిలోల లెక్కే, అయినా కేస్‌షీట్‌లో బరువు గడి ఖాళీగా ఉండటం నాకు రోజూ కనిపిస్తుంది.

1. అనుమానపడటం నేర్చుకోండి

బ్యాక్టీరియా మెనింజైటిస్ గంటల్లో ముంచుకొస్తుంది. ఫంగస్ తాపీగా వస్తుంది. వారం, రెండు వారాలు, ఒక్కోసారి నెలలుగా తలనొప్పి ఉంటుంది. జ్వరం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మెడ బిగుసుకోకపోవచ్చు కూడా. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో ఇది మరీ ఎక్కువ. "మెడ మెత్తగానే ఉంది, మెనింజైటిస్ కాదు" అని రాసి పంపించేసిన రోగి నాలుగు రోజులకి స్పృహ తప్పి తిరిగొస్తాడు. వస్తువులు రెండుగా కనపడటం, చూపు మందగించడం, వినికిడి తగ్గడం, మనిషి తీరు మారిపోవడం: వీటిలో ఏది కనిపించినా ప్రెషర్ పెరిగిందేమో అనుకోండి.

2. రోగి ఏ గుంపులో ఉన్నాడో తేల్చుకోండి

సూది పట్టుకునే ముందు ఈ ఐదు నిమిషాలు పెట్టండి. ఏ పరీక్ష అడగాలి, ఏ మందు ఎన్నాళ్లు ఇవ్వాలి అన్నది ఇక్కడే తేలుతుంది.

హెచ్‌ఐవీ ఉండి సీడీ4 తక్కువగా ఉంటే (200 లోపు, అందులోనూ 100 లోపు) మరోటి రుజువయ్యేదాకా క్రిప్టోకోకస్ అనే అనుకోండి.

అవయవ మార్పిడి జరిగినవాళ్లు, దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడేవాళ్లు, బ్లడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లు రెండో గుంపు. వీళ్లలోనూ క్రిప్టోకోకస్‌దే పెద్దపీట. దానికి తోడు ఆస్పర్జిల్లస్, కాండిడా అనే ఫంగస్‌లు. మందుల చీటీ తప్పకుండా చూడండి. ఇబ్రుటినిబ్ వాడేవాళ్లకి మెదడులో ఆస్పర్జిల్లస్ వచ్చిన కేసులున్నాయి. ఫింగోలిమోడ్, రుక్సోలిటినిబ్‌లతో క్రిప్టోకోకస్ వచ్చినవి ఉన్నాయి.

ఏ రోగమూ లేనట్టు పైకి కనిపించేవాళ్లు మూడో గుంపు. ఆలస్యం ఎక్కువగా జరిగేది వీళ్లకే, ఎందుకంటే ఎవరికీ ఫంగస్ తట్టదు. క్రిప్టోకోకస్ గాట్టీ ఆరోగ్యవంతులనూ పట్టుకుంటుంది. వీళ్లలో కొందరికి జీఎం-సీఎస్‌ఎఫ్ (వెన్ను నీరు కాదు, తెల్లకణాలని ఉత్తేజపరిచే ప్రొటీన్) మీద ఆటోయాంటీబాడీలు ఉంటాయి. కొందరికి హెచ్‌ఐవీ లేకుండానే సీడీ4 తక్కువగా ఉంటుంది. సిర్రోసిస్, సార్కాయిడ్, లింఫోమా కూడా వెతకండి. కోక్సిడియాయిడ్స్ అమెరికా నైరుతి ఎడారుల్లో, మెక్సికో ఉత్తర భాగంలో ఉండే ఫంగస్. కాబట్టి రోగి ఎక్కడెక్కడ ఉండి వచ్చాడో అడగండి.

వెన్నులోకి లేదా మెదడులోకి మనమే దారి చేసిన రోగులు నాలుగో గుంపు: షంట్ (మెదడులోని నీటిని కిందకి దించే గొట్టం), న్యూరోసర్జరీ, వెన్ను ఇంజెక్షన్. 2012లో అమెరికాలో కలుషితమైన మిథైల్‌ప్రెడ్నిసోలోన్ ఇంజెక్షన్ల వల్ల 753 మందికి ఫంగస్ సోకింది, 64 మంది చనిపోయారు. కారణం ఎక్సెరోహిలమ్ రోస్ట్రాటమ్ అనే, మామూలుగా మనం పేరు కూడా వినని బూజు. 2023లో మెక్సికోలోని మాటమోరోస్‌లో ఎపిడ్యూరల్ మత్తు తీసుకున్నవాళ్లకి ఫ్యుజేరియమ్ సోలాని మెనింజైటిస్ వచ్చింది. వీళ్లలో ఎక్కువమంది ఇమ్యూనిటీ బాగా ఉన్నవాళ్లే. అందుకని తలనొప్పితో వచ్చిన ప్రతివాళ్లనీ "ఈ మధ్య వెన్నులో ఇంజెక్షన్ ఏమైనా చేయించుకున్నారా?" అని అడగండి. అడగకపోతే వాళ్లు చెప్పరు, ఎందుకంటే వాళ్ల దృష్టిలో అది నడుంనొప్పి కథ.

నెలలు నిండకుండా పుట్టిన పసికందులైతే కాండిడాని గుర్తుపెట్టుకోండి.

3. ఎల్‌పీ (వెన్నులో సూది పెట్టి సీఎస్‌ఎఫ్ తీయడం) చేయండి, ప్రెషర్ కొలవండి

ఫిట్స్ వచ్చినా, ఒక పక్క బలం తగ్గినా, స్పృహ తగ్గినా ముందు సీటీ తీయండి. అవేవీ లేకపోతే సీటీ కోసం ఎల్‌పీని మర్నాటికి వాయిదా వేయొద్దు. మెదడులో గడ్డ ఉన్నా, రక్తం గడ్డకట్టే గుణం దెబ్బతిన్నా సూది పెట్టకండి. అప్పుడు రక్తంలో క్రాగ్ చేసి, దాని మీద వైద్యం మొదలుపెట్టండి.

రోగిని పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. కూర్చోబెట్టి కొలిచిన ప్రెషర్ లెక్కలోకి రాదు, ఎక్కువ చూపిస్తుంది. సూది లోపలికి వెళ్లాక మోకాళ్లు కొంచెం చాపించండి, పొట్ట మీద ఒత్తిడి లేకుండా చూడండి, ఊపిరి బిగబట్టొద్దని చెప్పండి. నీటి మట్టం శ్వాసతో పాటు కొంచెం పైకీ కిందకీ ఊగితే సూది సరైన చోటే ఉన్నట్టు. ఊగకపోతే ఆ అంకెని నమ్మకండి.

మానోమీటర్ లేదా? స్టెరైల్ ఐవీ ట్యూబ్‌ని సూదికి తగిలించి నిటారుగా పట్టుకోండి. నీళ్లు ఎక్కడ ఆగితే అక్కడికి, సూది నుంచి ఎన్ని సెంటీమీటర్లో టేపుతో కొలవండి. టేపు ట్యూబ్‌కి తగలకుండా పక్కనే పట్టుకునే మనిషి ఒకరు కావాలి, అంతే.

నేను కళ్లారా చూసిన ఒక కేసు చెప్తాను. ముప్పై ఏళ్ల మనిషి. టీబీ మెనింజైటిస్ అనుకుని తొమ్మిది రోజులుగా టీబీ మందులు, డెక్సామెథసోన్ ఇస్తున్నారు. మొదటి సీఎస్‌ఎఫ్‌లో కణాలు నాలుగే, గ్లూకోజ్ మామూలే. క్రాగ్ ఎవరూ అడగలేదు. తల పట్టుకుని కళ్లు మూసుకుని పడుకున్నాడు. ఐవీ ట్యూబ్‌తోనే కొలిచాం. నీళ్లు ట్యూబ్‌లో పాకుతూ పాకుతూ 38 సెం.మీ. దగ్గర ఆగి ఊగడం మొదలుపెట్టాయి. 25 మి.లీ. తీశాక 17కి దిగింది. నేనింకా సూది తీయలేదు, "సార్, తలనొప్పి దిగింది" అన్నాడు. క్రాగ్ స్ట్రిప్ మీద గీత పది నిమిషాలు ఆగనివ్వకుండానే ముదురుగా వచ్చింది. ఆ తొమ్మిది రోజుల్లో అతనికి కావాల్సింది అదే సూది, అదే ట్యూబ్, ఒక స్ట్రిప్. అవన్నీ వార్డులో ఉన్నాయి.

4. సీఎస్‌ఎఫ్‌ని ఎక్కడికి, ఎంత పంపాలి

మొదట క్రాగ్. సీఎస్‌ఎఫ్‌లోనూ రక్తంలోనూ చేయించండి. క్రిప్టోకోకస్‌ని పట్టుకోవడంలో దీన్ని మించింది లేదు. ఇండియా ఇంక్ హెచ్‌ఐవీ రోగుల్లో పదిలో ఎనిమిది కేసులు పట్టుకుంటుంది, హెచ్‌ఐవీ లేనివాళ్లలో సగమే. కాబట్టి "ఇండియా ఇంక్ నెగటివ్, క్రిప్టో కాదు" అనడానికి వీల్లేదు.

కల్చర్‌కి ఎక్కువ నీళ్లు పంపండి, సెంట్రిఫ్యూజ్ చేసి అడుగుది వేయమనండి. ల్యాబ్‌కి ఫోన్ చేసి నాలుగు వారాలు ఉంచమని చెప్పండి. క్రిప్టోకోకస్ సాధారణంగా వారంలోపే పెరుగుతుంది. మిగతావి అంత త్వరగా రావు. సైక్లోహెక్సిమైడ్ కలిపిన మీడియాలో క్రిప్టోకోకస్ పెరగదని కూడా అందరికీ గుర్తుండదు.

బీటా-డి-గ్లూకాన్ (చాలా ఫంగస్‌ల గోడలో ఉండే పదార్థం కోసం చేసే పరీక్ష): కాండిడా, ఆస్పర్జిల్లస్, ఇంజెక్షన్ల వల్ల వచ్చే బూజుల్లో బాగా పనికొస్తుంది. క్రిప్టోకోకస్‌లో, మ్యూకర్‌లో (బ్లాక్ ఫంగస్) నెగటివ్ రావచ్చు. ఆస్పర్జిల్లస్ అనుమానం ఉంటే సీఎస్‌ఎఫ్‌లో గెలాక్టోమానన్ కూడా పంపండి.

హిస్టోప్లాస్మా, కోక్సిడియాయిడ్స్ అయితే సీఎస్‌ఎఫ్‌లో యాంటిజెన్, యాంటీబాడీలు అడగాలి, కల్చర్ ఒక్కదాన్ని నమ్ముకుంటే కుదరదు. టీబీ పరీక్ష ఎలాగూ పంపుతారు.

ఇక్కడ జరిగే తప్పులు:

- మెనింజైటిస్ పీసీఆర్ ప్యానెల్ నెగటివ్ వచ్చిందని క్రాగ్ మానేయడం. ఆ ప్యానెల్స్ క్రిప్టోకోకస్‌ని వదిలేసిన సందర్భాలు ఉన్నాయి.
- కౌంటింగ్ చాంబర్‌లో ఈస్ట్ కణాలని లింఫోసైట్లుగా లెక్కపెట్టడం. "లింఫోసైట్లు 60" అని వచ్చిన రిపోర్టులో నిజంగా అవేంటో ఒకసారి మీరే వెళ్లి మైక్రోస్కోప్‌లో చూడండి.
- ఇండియా ఇంక్‌లో గాలిబుడగని క్రిప్టోకోకస్ అనుకోవడం. బుడగ లోపల ఏమీ ఉండదు. ఈస్ట్‌కి గోడ కనిపిస్తుంది, కొన్నిటికి పక్కన మొగ్గ ఉంటుంది.
- యాంటిజెన్ మరీ ఎక్కువగా ఉంటే స్ట్రిప్ మీద గీత పలచబడటం, లేదా అసలు రాకపోవడం. అనుమానం గట్టిగా ఉంటే నమూనాని పలచన చేసి మళ్లీ వేయించండి.

5. రిపోర్టుని రోగిని బట్టి చదవండి

అదే క్రిప్టోకోకస్, ఇద్దరిలో రెండు రకాలుగా కనపడుతుంది. సీడీ4 బాగా పడిపోయిన రోగిలో పోట్లాడే కణాలే ఉండవు. కణాలు ఐదు లోపు, ప్రొటీన్, గ్లూకోజ్ మామూలు, ఫంగస్ మాత్రం కుప్పలుగా. ఇమ్యూనిటీ ఉన్నవాళ్లలో లింఫోసైట్లు పెరిగి, ప్రొటీన్ ఎక్కి, గ్లూకోజ్ దిగి అచ్చం టీబీలా ఉంటుంది. అందుకే ఒకరిని "సీఎస్‌ఎఫ్ నార్మల్" అని ఇంటికి పంపుతారు, ఇంకొకరికి టీబీ మందులు మొదలుపెడతారు. క్రాగ్ అడిగి ఉంటే రెండు తప్పులూ జరగవు.

ఇంజెక్షన్ వల్ల వచ్చిన బూజు మెనింజైటిస్‌లో న్యూట్రోఫిల్స్ ఎక్కువగా ఉంటాయి. బ్యాక్టీరియా కల్చర్ రాదు, యాంటీబయోటిక్‌కి తగ్గదు. ఈసినోఫిల్స్ కనిపిస్తే కోక్సిడియాయిడ్స్ గురించి ఆలోచించండి.

క్రిప్టోకోకస్ వచ్చిన ప్రతి రోగికీ హెచ్‌ఐవీ పరీక్ష చేయాలి. నెగటివ్ అయితే సీడీ4 చూడాలి. "ఏమీ లేదు" అని వదిలేయకండి.

6. మందు: ఎవరికి ఏది, ఎంతకాలం

*హెచ్‌ఐవీ ఉన్న క్రిప్టోకోకస్ రోగి.* ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో మొదటి ఎంపికగా చెప్పింది ఇది: లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ కిలోకి 10 మి.గ్రా. మొదటి రోజు ఒక్కసారే. దాంతోపాటు 14 రోజులు ఫ్లుసైటోసిన్ కిలోకి రోజుకి 100 మి.గ్రా. నాలుగు భాగాలుగా, ఫ్లుకొనజోల్ రోజుకి 1200 మి.గ్రా.

50 కిలోల మనిషికి లెక్క వేద్దాం. లైపోసోమల్ 500 మి.గ్రా., అంటే 50 మి.గ్రా. వయల్స్ పది. ఫ్లుసైటోసిన్ రోజుకి 5 గ్రాములు, ఆరు గంటలకోసారి 1250 మి.గ్రా., అంటే 500 మి.గ్రా. మాత్రలు రెండున్నర. ఫ్లుకొనజోల్ 200 మి.గ్రా. మాత్రలు ఆరు. "ఒకేసారి ఆరా?" అని నర్సు, ఫార్మసిస్ట్ అడుగుతారు. అడగడం మంచిదే. అవునని చెప్పి కేస్‌షీట్‌లో రాసి సంతకం పెట్టండి.

ఈ ఒక్క డోసు పద్ధతి ఆఫ్రికాలోని ఐదు దేశాల్లో జరిగిన యాంబిషన్ ట్రయల్ నుంచి వచ్చింది. పది వారాల్లో మరణాలు 24.8 శాతం. పాత పద్ధతిలో 28.7. దుష్ప్రభావాలు కూడా తగ్గాయి. ఒక మాట మరిచిపోవద్దు: అందులో ఉన్నవాళ్లంతా హెచ్‌ఐవీ రోగులే. కిడ్నీ మార్పిడి రోగికో, ఏ జబ్బూ లేని రోగికో ఇదే లెక్క అంటించొద్దు.

లైపోసోమల్ దొరక్కపోతే: డీఆక్సీకోలేట్ కిలోకి 1 మి.గ్రా. చొప్పున 7 రోజులు, ఫ్లుసైటోసిన్‌తో కలిపి. ఆ తర్వాత 7 రోజులు ఫ్లుకొనజోల్ 1200.
ఫ్లుసైటోసిన్ దొరక్కపోతే: ఆంఫోటెరిసిన్ (లైపోసోమల్ 3–4, డీఆక్సీకోలేట్ 1 మి.గ్రా. కిలోకి రోజూ), ఫ్లుకొనజోల్ 1200 కలిపి 14 రోజులు.
ఆంఫోటెరిసిన్ ఏదీ దొరక్కపోతే: ఫ్లుసైటోసిన్, ఫ్లుకొనజోల్ 1200 కలిపి 14 రోజులు.
ఫ్లుకొనజోల్ ఒక్కదాంతో సరిపెట్టడం మాత్రం వైద్యం కిందకి రాదు. ఫ్లుసైటోసిన్ ఒక్కటే కూడా ఇవ్వకూడదు, ఫంగస్ వేగంగా దానికి అలవాటు పడిపోతుంది.

రెండు వారాల తర్వాత ఫ్లుకొనజోల్ 800 మి.గ్రా. ఎనిమిది వారాలు, ఆ పైన 200 మి.గ్రా. కనీసం ఏడాది. ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులు) బాగా పనిచేసి, సీడీ4 పెరిగి, వైరస్ అణిగాకే ఆపడం గురించి ఆలోచించాలి.

*అవయవ మార్పిడి జరిగిన రోగి.* లైపోసోమల్ కిలోకి 3–4 మి.గ్రా. రోజూ, ఫ్లుసైటోసిన్‌తో కలిపి కనీసం రెండు వారాలు. తర్వాత ఫ్లుకొనజోల్ 400–800 ఎనిమిది వారాలు, 200–400 ఆరు నెలల నుంచి ఏడాది. డీఆక్సీకోలేట్ రకం వీళ్లకి వద్దు, కొత్త అవయవాన్ని ఒంట్లో నిలబెట్టే టాక్రోలిమస్‌తో కలిస్తే కిడ్నీ పోవచ్చు. ఫ్లుకొనజోల్ టాక్రోలిమస్ లెవెల్ పెంచుతుంది, మొదలుపెట్టిన రోజు నుంచే లెవెల్స్ చూడండి. ఇమ్యూనిటీ తగ్గించే మందులు ఒక్కసారిగా ఆపేయకండి. ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌తో మాట్లాడి మెట్టు మెట్టుగా, ముందు స్టెరాయిడ్ తగ్గించండి.

*హెచ్‌ఐవీ లేదు, మార్పిడి లేదు.* ఇక్కడే "ఇమ్యూనిటీ బాగుంది కదా, త్వరగా తగ్గుతుంది" అనే పొరపాటు. అమెరికా ఇన్ఫెక్షన్ వైద్యుల సంఘం 2010లో కనీసం నాలుగు వారాల ఆంఫోటెరిసిన్-ఫ్లుసైటోసిన్ అంది. నరాల సమస్యలేవీ లేకుండా, రెండు వారాలకి కల్చర్ నెగటివ్ అయితేనే ఆ నాలుగు. లేకపోతే ఆరు. మెదడులో క్రిప్టోకోకోమా గడ్డలుంటే ఇంకా ఎక్కువ కాలం. నేనైతే క్యాలెండర్ కంటే రెండో వారం కల్చర్‌ని నమ్ముతాను.

*ఇంజెక్షన్ తర్వాత వచ్చిన బూజు, ఆస్పర్జిల్లస్.* వోరికొనజోల్ మీద నడిచే వైద్యం. 2012లో కిలోకి 6 మి.గ్రా. పన్నెండు గంటలకోసారి ఇచ్చి, రక్తంలో ట్రఫ్ లెవెల్ (తర్వాతి డోసుకి ముందు ఉండే స్థాయి) మి.లీ.కి 2–5 మైక్రోగ్రాముల మధ్య ఉండేలా చూశారు. మూడు నెలలకి తక్కువ కాకుండా ఇచ్చారు. జబ్బు తీవ్రంగా ఉన్నా, ఫ్యుజేరియమ్ అయినా లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ కూడా కలపాలి. ఐదో రోజుకి లెవెల్ పంపండి. ఒకే డోసుకి ఒకరిలో 0.5, ఇంకొకరిలో 7 రావచ్చు. మ్యూకర్ మీద వోరికొనజోల్ పనిచేయదు, డయాబెటిస్ రోగికి ముక్కు నుంచి మెదడుకి పాకిన జబ్బైతే ఆంఫోటెరిసిన్, సర్జరీ.

*కాండిడా.* లైపోసోమల్ కిలోకి 5 మి.గ్రా., కావాలంటే ఫ్లుసైటోసిన్. కుదురుకున్నాక ఫ్లుకొనజోల్. షంట్ ఉంటే తీయించాలి. తీయకుండా మందుల మీద మందులు మార్చడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. ఎకైనోక్యాండిన్లు అనే ఫంగస్ మందులు సీఎస్‌ఎఫ్‌లోకి సరిగా చేరవు, రక్తంలో కాండిడాకి బాగా పనిచేస్తాయి కదా అని ఇక్కడ వాడకండి.

*హిస్టోప్లాస్మా:* లైపోసోమల్ కిలోకి 5 మి.గ్రా. నాలుగు నుంచి ఆరు వారాలు, ఆపైన ఇట్రాకొనజోల్ కనీసం ఏడాది. *కోక్సిడియాయిడ్స్:* ఫ్లుకొనజోల్ 400–1200 మి.గ్రా., జీవితాంతం. ఆపితే తిరగబెడుతుంది.

7. ఆంఫోటెరిసిన్ ఎక్కించేటప్పుడు

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక: కిలోకి 10 మి.గ్రా. అన్నది లైపోసోమల్‌కి మాత్రమే. డీఆక్సీకోలేట్ రకం రోజుకి కిలోకి 1.5 మి.గ్రా. దాటితే ప్రాణం పోవచ్చు. రెండు వయల్స్ మీదా "ఆంఫోటెరిసిన్ బి 50 మి.గ్రా." అనే ఉంటుంది. చిన్న అక్షరాలు చదవండి. ఆర్డర్‌లో ఉత్త "ఆంఫోటెరిసిన్" అని రాయకండి, ఏ రకమో పూర్తిగా రాయండి.

1. మందు ఎక్కించే ముందు లీటరు నార్మల్ సెలైన్‌లో 20 మి.మోల్ పొటాషియం కలిపి ఇవ్వండి. కిడ్నీని కాపాడేది ఇదే.
2. మందుని కలపాల్సింది 5% డెక్స్‌ట్రోజ్‌లోనే. సెలైన్ తగిలితే విరుగుతుంది. సెలైన్ అయ్యాక లైన్‌ని డెక్స్‌ట్రోజ్‌తో కడిగి, ఆ తర్వాత మందు పెట్టండి.
3. లైపోసోమల్‌ని ముందు స్టెరైల్ వాటర్‌తో కలిపి గట్టిగా అర నిమిషం కుదపాలి, వయల్‌తో వచ్చే ఫిల్టర్ గుండా తీసి డెక్స్‌ట్రోజ్‌లో వేయాలి. రెండు గంటల్లో ఎక్కించండి. డీఆక్సీకోలేట్‌కి నాలుగు గంటలు పట్టాలి.
4. చలి, వణుకు వస్తే వేగం తగ్గించండి, పారాసెటమాల్ ఇవ్వండి. వణుకు వచ్చిందని మందు మానేయొద్దు.
5. క్రియాటినిన్, పొటాషియం, మెగ్నీషియం వారానికి రెండుసార్లు, రెండో వారంలో ఇంకా తరచుగా. పొటాషియం ఎంత ఇచ్చినా పెరగకపోతే మెగ్నీషియం చూడండి.
6. క్రియాటినిన్ రెట్టింపయితే ఒక డోసు ఆపి, సెలైన్ పెంచండి. అప్పుడు ఫ్లుసైటోసిన్ డోసు కూడా తగ్గించాలి. ఇది మరిచిపోతే వారంలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కూలిపోతాయి. సీబీసీ వారానికి రెండుసార్లు.

టీబీ మందులు కూడా వాడుతున్నారా? రిఫాంపిసిన్ ఫ్లుకొనజోల్ స్థాయిని తగ్గిస్తుంది, డోసు పెంచాల్సి రావచ్చు. వోరికొనజోల్‌తో అయితే రిఫాంపిసిన్ కలపనే కూడదు. గర్భిణికి తొలి నెలల్లో ఫ్లుకొనజోల్ పెద్ద డోసు బిడ్డకి ప్రమాదం, ఆంఫోటెరిసిన్ మీదే నడపండి.

8. ప్రెషర్ దించడం

క్రిప్టోకోకస్ రోగుల్లో సగం మందికి పైగా ప్రెషర్ ఎక్కువగా ఉంటుంది. 25 సెం.మీ. దాటి, తలనొప్పో చూపు సమస్యో ఉంటే 20 లోపుకి దించండి. మరీ ఎక్కువగా ఉంటే సగానికి దించండి. మామూలుగా 20–30 మి.లీ. తీయాల్సొస్తుంది. "అంత నీరు తీయొచ్చా?" అని భయపడతారు. గడ్డ లేదని తేలాక తీయొచ్చు, తీయాలి. ఐదేసి మి.లీ.లకి ఆగి మళ్లీ కొలవండి.

లక్షణాలు తగ్గి, రెండు రోజులు వరుసగా ప్రెషర్ మామూలుగా వచ్చేదాకా రోజూ ఎల్‌పీ. మొదటిసారి ప్రెషర్ మామూలుగానే ఉన్నా మూడో రోజు మళ్లీ చూడండి. తొలి వారంలో మళ్లీ ఎల్‌పీ జరిగిన రోగులు, మొదటి ప్రెషర్ ఎంతున్నా, ఎక్కువమంది బతికినట్టు ఉగాండా, దక్షిణాఫ్రికా రోగుల పరిశీలనలో తేలింది. రోజూ తీసినా దిగకపోతే లంబార్ డ్రెయిన్, చివరికి షంట్.

మానిటాల్, అసిటజోలమైడ్ ఇక్కడ పనికిరావు. స్టెరాయిడ్ సంగతీ చెప్పాలి. హెచ్‌ఐవీ లేనివాళ్ల టీబీ మెనింజైటిస్‌లో అది ప్రాణం నిలబెడుతుంది. హెచ్‌ఐవీ క్రిప్టోకోకస్‌లో డెక్సామెథసోన్ ఇచ్చి చూసిన ట్రయల్‌ని మధ్యలో ఆపేయాల్సొచ్చింది, వైకల్యం పెరిగింది, మరణాలు తగ్గలేదు. రెండు జబ్బుల సీఎస్‌ఎఫ్ ఒకేలా ఉండొచ్చని పైన చెప్పాను కదా, క్రాగ్ చూడకుండా స్టెరాయిడ్ మొదలుపెట్టొద్దని నేను పోరేది అందుకే.

9. ఏఆర్‌టీ ఎప్పుడు

ఫంగస్ మందు మొదలైన నాలుగు నుంచి ఆరు వారాలకి. అంతకంటే ముందు వద్దు. ఒకటి రెండు వారాల్లోనే మొదలుపెట్టినవాళ్లలో ఆరు నెలలకి 45 శాతం చనిపోయారు, ఐదు వారాలు ఆగినవాళ్లలో 30 శాతం. ఇంటివాళ్లు "హెచ్‌ఐవీ మందు ఎందుకు ఇవ్వట్లేదు?" అని నిలదీస్తారు. మొదటి రోజే కూర్చోబెట్టి కారణం చెప్పండి, లేకపోతే వాళ్లు ఇంకోచోట మొదలుపెట్టించుకుంటారు.

తలనొప్పి లేదు, రక్తంలో మాత్రం క్రాగ్ పాజిటివ్ వస్తే? ఎల్‌పీ చేయండి. సీఎస్‌ఎఫ్ శుభ్రంగా ఉంటే ఫ్లుకొనజోల్ 800–1200 రెండు వారాలు, 400–800 ఎనిమిది వారాలు, తర్వాత 200.

10. తగ్గుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి

రెండో వారం చివర ఎల్‌పీ చేసి కల్చర్ పంపండి. మందు పనిచేసిందో లేదో చెప్పేది కల్చర్ ఒక్కటే. ఇండియా ఇంక్‌లో చచ్చిన ఈస్ట్ వారాల తరబడి కనపడుతుంది. క్రాగ్ నెలల తరబడి పాజిటివ్‌గా ఉంటుంది. వాటిని చూసి "మందు పనిచేయలేదు" అని మళ్లీ ఆంఫోటెరిసిన్ మొదలుపెట్టిన కేసులు నా దగ్గరికే వచ్చాయి. కల్చర్లు అన్నీ నెగటివ్, రోగి కిడ్నీ మాత్రం దెబ్బతింది.

బాగై వెళ్లిన రోగి మళ్లీ తలనొప్పితో వస్తే ఈ వరుసలో చూడండి:

- మొదట ప్రెషర్ కొలవండి. చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.
- ఫ్లుకొనజోల్ నిజంగా మింగుతున్నాడా? ఎన్ని మాత్రలు, రోజుకి ఎన్నిసార్లు అని విడమరిచి అడగండి, మిగిలిన స్ట్రిప్స్ తెమ్మనండి. 800 నుంచి 200కి మార్చేటప్పుడు కొందరు పూర్తిగా ఆపేస్తారు.
- కొత్త మందులేమైనా, ముఖ్యంగా రిఫాంపిసిన్, మొదలయ్యాయా?
- కల్చర్ మళ్లీ పాజిటివ్ అయితే జబ్బు తిరగబెట్టింది. ఇండక్షన్ (తొలి వారాల గట్టి మందుల కోర్సు) మొదటి నుంచి, ఫ్లుకొనజోల్‌కి ఫంగస్ లొంగుతోందో లేదో పరీక్ష.
- కల్చర్ నెగటివ్, ఏఆర్‌టీ మొదలైన కొన్ని వారాలకి వచ్చింది అంటే ఐరిస్, అంటే తిరిగి పుంజుకున్న ఇమ్యూనిటీ అతిగా స్పందించడం. ఏఆర్‌టీ ఆపకండి. ప్రెషర్ దించండి. ప్రాణం మీదికొస్తే అప్పుడు కొద్దికాలం స్టెరాయిడ్.
- హెచ్‌ఐవీ లేని రోగి కల్చర్ నెగటివ్ అయ్యాక కూడా మందగిస్తుంటే, అతని సొంత ఇమ్యూనిటీ విరుచుకుపడుతుండవచ్చు. ఇక్కడ స్టెరాయిడ్ పనికొస్తుంది. అదే మందు, రోగి మారితే విషం, రోగి మారితే ఔషధం.

డిశ్చార్జ్ కాగితం మీద నాలుగు అంకెలు తప్పకుండా రాయండి: మొదటి ప్రెషర్, చివరి ప్రెషర్, రెండో వారం కల్చర్ ఫలితం, ఫ్లుకొనజోల్ డోసు మారే తేదీ. ఆ రోగి రాత్రి రెండింటికి తలనొప్పితో ఇంకో క్యాజువాల్టీకి వెళ్తే అక్కడి డ్యూటీ డాక్టర్ చేతిలో ఉండేది ఆ ఒక్క కాగితమే.